దాతకు శాసనం, వడ్డించినవానికి మాట: గండి దారిలో స్వచ్ఛంద సేవ చరిత్ర

వేంపల్లె నుంచి రాయచోటి వైపు వెళ్లే దారిలో, కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో పుట్టి ఉత్తరంగా పారే పాపఘ్ని నది కొండల వరుసను చీల్చుకొని బయటపడే ఇరుకైన చోట గండి క్షేత్రం ఉన్నది. నది కొండను కోసిన తావును గండి అనడం వాడుక గనుక అక్కడి ఆంజనేయునికి గండి వీరాంజనేయస్వామి అన్న పేరు నిలిచింది. పరిపాలన లెక్కలో క్షేత్రం చక్రాయపేట మండలానికి చెందినదైనప్పటికీ, కడప నుంచీ పులివెందుల నుంచీ వచ్చే యాత్రికులు వేంపల్లె మీదుగానే అక్కడికి చేరుకుంటారు కాబట్టి తిరునాళ్ల రోజుల బరువులో పెద్ద వంతు ఈ ఊరి మీదనే పడుతుంది. శ్రావణమాసపు శనివారాలలో జనం తండోపతండాలుగా వచ్చినప్పుడు దారి పొడవునా మంచినీళ్లూ మజ్జిగా అందించేవారు, అన్నదాన పందిళ్లలో వడ్డించేవారు, దర్శనపు వరుసలు సరిచేసేవారు, బండ్లు నిలిపే చోటు చూపేవారు చాలావరకు కూలి తీసుకోని మనుషులే. ఆ సేవ ముగిసిన తరువాత వారికి దక్కేవి రెండు: కొంత మెప్పు, అంతకన్న ఎక్కువగా ఫిర్యాదు. ఈ రెండింటి పంపకం ఎప్పుడూ సమంగా లేదన్నదీ, పేరుతో కూడిన మెప్పు సొమ్ము ఇచ్చినవానికీ, నోటిమాటగా వచ్చే నింద చెయ్యి ఆడించినవానికీ చేరడం ఈ సీమలో చాలా పాత ఏర్పాటన్నదీ ఇక్కడ పరిశీలించదగిన విషయం.

గండి స్థలపురాణంలోనే ఈ ఏర్పాటు ఛాయ కనిపిస్తుంది. వనవాస కాలంలో ఇటు వచ్చిన శ్రీరాముడు బాణపు మొనతో రాతిమీద ఆంజనేయుని రూపాన్ని గీశాడనీ, తరువాతి కాలంలో విజయనగర రాజులకు గురువైన వ్యాసరాయలు ఆ గీతను విగ్రహంగా మలిచాడనీ, చిటికెనవేలిని విడదీయబోతే నెత్తురు కారడంతో దాన్ని అట్లే వదిలేశాడనీ చెబుతారు. రాముని రాకకు స్వాగతంగా వాయుదేవుడు రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడనీ, పుణ్యాత్ములకే అది కంటబడుతుందనీ, చూసినవారు ఎక్కువకాలం బతకరనీ మరొక కథ. ఆ తోరణాన్ని చూసినట్టు చెప్పుకొనే దొర థామస్ మన్రో. నిజాము 1800లో ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన ప్రాంతాలను దత్తమండలాలు అంటారు. వాటికి మన్రో 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరు, ఆ తరువాత మద్రాసు గవర్నరు. 1827 జూలై 6న కర్నూలు సీమలోని పత్తికొండ దగ్గర కలరాతో ఆయన చనిపోవడం చరిత్ర. ఆ మరణాన్ని బంగారు తోరణంతో ముడిపెట్టడం ప్రజల ఊహ. తిరుమలలో నైవేద్యపు పాత్ర ఒకటి మన్రో గంగాళంగా పేరు పొందింది. గంగాళం పేరు దొరకు పోయింది గాని, దానికింద రోజూ పొయ్యి రాజేసినవారి పేరు ఏ కథలోనూ లేదు.

ఇది కథలకే పరిమితమైన అలవాటు కాదు. పాపఘ్ని పెన్నలో కలిసేది కమలాపురం దగ్గర. ఆ చుట్టుపక్కలే తెలుగు శాసనాల పుట్టుక. ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్లలో రేనాటి చోళుల కాలంనాటి శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిదని పండితుల నిర్ణయం. కమలాపురం మండలంలోని ఎర్రగుడిపాడు శాసనం కూడా దాదాపు ఆ కాలానిదే. రెండవది ఒక భూదానాన్ని చెప్పి, సాక్షులను పేర్కొని, ఆ ధర్మానికి వక్రంగా నడిచేవాడు పంచమహాపాతకాలు చేసినవాడవుతాడని ముగుస్తుంది. తరువాతి వెయ్యేండ్ల శాసనాలకు ఇదే మూస: మొదట దాత వంశాన్నీ గుణాలనూ పొగిడే ప్రశస్తి, నడుమ దానం వివరం, చివర దానికి అడ్డుతగిలినవానిని శపించే శాపోక్తి. పొగడ్తకు ఒక చోటు, నిందకు ఒక చోటు రాతిమీదనే కేటాయించిన ఈ ఏర్పాటులో రోజువారీ పని చేసినవానికి స్థలం అరుదు. ఇచ్చుటకన్న ఇచ్చినదానిని కాపాడుట గొప్పదని చెప్పే శ్లోకం ఒకటి శాసనాలలో తరచుగా కనిపిస్తుంది; అయితే అది ఉద్దేశించినది రాబోయే రాజులను, నీళ్లు మోసేవారిని కాదు.

అరుదైన మినహాయింపు గుంటూరు సీమలోని మల్కాపురం శాసనం. 1261 నాటి ఈ కాకతీయ శాసనం గోళకీ మఠాచార్యుడైన విశ్వేశ్వర శివాచార్యునికి గణపతిదేవుడు, రుద్రమదేవి ఇచ్చిన గ్రామాల ఆదాయంతో నడిచే ఆలయాన్ని, మఠాన్ని, అన్నసత్రాన్ని, ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను వివరిస్తూ, వంటవారు మొదలుకొని కావలివారి వరకు ఎవరికి ఎంత భూమి వంతో లెక్క చెబుతుంది. సత్రంలో బ్రాహ్మణుడు మొదలుకొని చండాలుని వరకు అందరికీ అన్నం పెట్టాలన్న నియమం కూడా అందులో ఉంది. ఇక్కడ పనివానికి దక్కినది పొగడ్త కాదు, వాటా. మాటల మెప్పుకన్న ఇది మేలైన గుర్తింపు అనడానికి సందేహం అక్కరలేదు.

రాయలసీమలో ఈ వాటా పద్ధతి మాన్యాల రూపంలో కొనసాగింది. పన్ను లేకుండా అనుభవించే భూమిని ఇనాము లేదా మాన్యం అంటారు. గుడికి చెందినది దేవాదాయం, సత్రం, చలిపందిరి వంటి ప్రజోపకారానికి చెందినది ధర్మాదాయం. వేసవిలో బాటసారులకు నీళ్లు పోసే పందిరిని చలివేంద్రం, చలిపందిరి అని పిలుస్తారు. కడప సీమలో మార్చి దాటితే నీళ్ల కుండ పక్కన కూర్చొన్న మనిషి చేసేది చిన్న సేవ కాదు. పందొమ్మిదవ శతాబ్దపు తొలి రెండు దశాబ్దాలలో కాలిన్ మెకంజీ సహాయకులు ఊరూరా తిరిగి కరణాల చేత రాయించిన గ్రామచరిత్రలను కైఫియత్తులు అంటారు. ఊరి పుట్టుక, గుళ్లు, చెరువులతో పాటు ఏ పనికి ఏ మాన్యం ఉందో కూడా వాటిలో కనిపిస్తుంది. మద్రాసు ప్రభుత్వం 1858 తరువాత ఇనాము కమిషన్ ద్వారా ఈ భూములను పరిశీలించి హక్కులు తేల్చడం మొదలుపెట్టినప్పుడు, అప్పటివరకు ఊరి మాట మీద నడిచిన అనేక సేవలు కాగితం మీద రుజువు చేసుకోవలసిన అవసరంలో పడ్డాయి. మాన్యం ఉన్నవాడు పని చెయ్యకపోతే అడిగే హక్కు ఊరికి ఉండేది. మాన్యం పోయిన తరువాత పని దయాధర్మంగా మారింది గాని, అడిగే అలవాటు మాత్రం పోలేదు. కూలి లేని సేవకుని మీద కూలివానిమీద వలె అధికారం చూపడం చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే.

అయితే ఫిర్యాదునంతా కృతఘ్నత కింద జమకట్టడం తప్పు. పాత సత్రాలలో పంక్తి, అంటే భోజనానికి కూర్చొనే వరుస, కులాన్ని బట్టి నిర్ణయమయ్యేది. కొన్ని సత్రాలు ఒక్క కులానికే పెట్టేవి. చలిపందిరి దగ్గర కొందరికి చెంబుతో అందిస్తే మరికొందరు దోసిలి పట్టి ఎత్తునుంచి పోయించుకోవలసివచ్చేది. పోసినవాడు తన సొమ్ముతో, తన ఓపికతో పోసినంతమాత్రాన తాగినవాడు నోరుమూసుకోవాలన్న న్యాయం లేదు. మద్రాసు రాష్ట్రంలో 1939లో, మరింత విస్తృతంగా 1947లో వచ్చిన ఆలయప్రవేశ చట్టాల వెనుక ఇటువంటి అవమానాలను ఓర్చుకోని మనుషుల ఫిర్యాదే ఉన్నది. సేవకులను నొప్పించకూడదన్న మర్యాద పేరుతో ఆ గొంతును అణచివుంటే మల్కాపురం శాసనం దాదాపు ఏడు వందల ఏండ్ల ముందే చెప్పిన పంక్తి ఇంకా కొంతకాలం ఆలస్యమయ్యేది.

ఇటువంటి సదుపాయాలను యాత్రికుని కంటితో చూసి రాసిన తొలి తెలుగు పుస్తకం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే కోర్టులో దొరల మాటకూ ప్రజల మాటకూ నడుమ అనువాదకునిగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. తిరుపతి, ఒంటిమిట్ట, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా సాగిన ఆ ప్రయాణంలో ఏ ఊళ్లో నీళ్లు బాగుంటాయి, ఏ ఊళ్లో అంగళ్లు ఉన్నాయి, దిగడానికి చోటు ఎట్లాంటిది అన్న సంగతులను ఆయన శ్రద్ధగా గుర్తుపెట్టాడు. వచ్చే యాత్రికుని కోసం రాసిన ఈ వివరాలలో మెప్పూ ఉంది, లోపం చూపడమూ ఉంది. ఆత్మకూరు నుంచి నల్లమల అడవిలో నాగలూటి, భీమునికొలను మీదుగా శ్రీశైలం ఎక్కే నడకదారిని ఆయన వర్ణించిన తీరు చదివితే నాటి బాటసారి కష్టం తెలుస్తుంది. ఈనాటికీ ఉగాదికీ శివరాత్రికీ కన్నడ సీమ నుంచి, కర్నూలు పల్లెల నుంచి వేలమంది ఆ దారిన నడిచివస్తారు. అడవిలో వారికి అంబలి, అన్నం, నీళ్లు అందించేవి దాతల శిబిరాలు. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన పద్నాలుగవ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డిని శాసనాలు పొగిడాయి. మెట్టు అరిగితే తిట్టు తిన్నది ఎవరో చెప్పే ఆధారం లేకపోయినా ఊహించడం కష్టం కాదు.

కరువు కాలం ఈ పంపకాన్ని మరింత స్పష్టం చేస్తుంది. కర్నూలు సీమలోని ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కరువులో తన ధాన్యాన్ని తీసి వేలమందికి గంజి పోయించాడు. విక్టోరియా రాణి పేరిట ఆయనకు బంగారు పతకం వచ్చింది. ఆయన దాతృత్వాన్ని పాడే జానపదగేయాలు నేటికీ రాయలసీమలో వినబడతాయి. ఆ కీర్తికి ఆయన పూర్తిగా అర్హుడు. కాని అంతమందికి గంజి కాయాలంటే తెల్లవారుజాము నుంచి కట్టెలు మోసినవారు, డేగిసాలు కలిపినవారు, ఆకలితో తోసుకువచ్చే జనాన్ని ఆపి ముసలివారికీ పిల్లలకూ దారి చేసినవారు ఉండితీరాలి. గంజి చాలకపోయిన రోజున మాటపడేది వారే, చాలిన రోజున పాట దాతది. 1876–78 కరువులో కడప, కర్నూలు జిల్లాలు మరింత ఘోరంగా దెబ్బతిన్నప్పుడు ప్రభుత్వమే గంజికేంద్రాలు పెట్టింది. 1950 దశకపు తొలినాళ్ల కరువులోనూ సీమ ప్రజలకు గంజికేంద్రాల వరుసలు మళ్లీ తప్పలేదు.

తిరునాళ్లలో ఫిర్యాదుకు ప్రభుత్వపు చిరునామా ఏర్పడడానికి కారణం కలరా. జనం గుమిగూడిన చోట చెడిన నీటితో వ్యాపించే ఈ జబ్బు పందొమ్మిదవ శతాబ్దమంతా యాత్రల వెంట నడిచింది. స్థానిక బోర్డులు నీటివసతి, మరుగుదొడ్లు, వైద్యం చూడాలన్న బాధ్యత క్రమంగా రూపుదిద్దుకొని, 1939 మద్రాసు ప్రజారోగ్య చట్టంలో జాతరలకూ ఉత్సవాలకూ ఒక అధ్యాయమే ఏర్పడింది. ప్రభుత్వం ప్రకటించిన తిరునాళ్లలో స్థానిక సంస్థ ఏమేమి ఏర్పాట్లు చెయ్యాలో చట్టమే చెప్పింది. అంతకుముందు లోపం జరిగితే దైవం మీదనో పూజారి మీదనో నెట్టిన జనానికి అర్జీ పెట్టుకోవడానికి ఒక అధికారి దొరికాడు. అర్జీ చేరేది అధికారికే అయినా ఎండలో ఎదురుగా దొరికేది మాత్రం నీళ్ల తొట్టి దగ్గర నిలబడిన కుర్రవాడు.

ఆ కుర్రవానికి గుర్తుచిహ్నం వచ్చినది ఇరవయ్యవ శతాబ్దంలో. 1915 హరిద్వార్ కుంభమేళాలో గోఖలే స్థాపించిన భారత సేవక సమాజం పక్షాన హృదయనాథ్ కుంజ్రూ స్వచ్ఛంద సేవకుల దళాన్ని నడిపించగా, దక్షిణాఫ్రికా నుంచి తిరిగివచ్చిన గాంధీజీ తన ఫీనిక్స్ ఆశ్రమ బృందంతో అక్కడ పారిశుద్ధ్యపు పనికి దిగాడు. మద్రాసులో అనిబిసెంటు 1917లో భారతీయ బాలుర కోసం స్కౌటు సంఘం ప్రారంభించింది. తెలుగునాట దుగ్గిరాల గోపాలకృష్ణయ్య చీరాల–పేరాల ఉద్యమంలో తీర్చిదిద్దిన రామదండు, 1921 మార్చి చివర బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశంలో జనసమ్మర్దాన్ని అదుపుచేసి పేరు తెచ్చుకుంది. వేషం, క్రమశిక్షణ, నాయకుడు ఉన్న దళం కావడంతో మెప్పు వచ్చినా నింద వచ్చినా దళానికే చెందడం మొదలైంది. ఇది పాత సత్రపు మనిషికి లేని రక్షణ.

1923 డిసెంబరులో మౌలానా మహమ్మదలీ అధ్యక్షతన కాకినాడలో జరిగిన కాంగ్రెసు మహాసభలు ఈ చరిత్రలో ప్రత్యేకంగా నిలిచి చూడదగినవి. సభల పక్కన ఏర్పాటైన ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర టికెట్టు లేనివారిని లోపలికి వదలకూడదన్న ఆదేశంతో నిలబడిన పద్నాలుగేండ్ల దుర్గాబాయి (తరువాతి దుర్గాబాయి దేశ్‌ముఖ్), టికెట్టు లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ఆపింది. నిర్వాహకులు కంగారుపడి ఆమె మీద కోపించారు; తనకు చెప్పిన పనినే చేశానని ఆమె బదులిచ్చింది; టికెట్టు కొన్న తరువాతనే నెహ్రూ లోపలికి వెళ్లి, అటువంటి ధైర్యం గల పిల్లలు దేశానికి కావాలన్న భావంతో ఆమెను మెచ్చుకున్నాడు. ఈ సంఘటనను సాధారణంగా నెహ్రూ ఔదార్యానికి, దుర్గాబాయి భావి జీవితానికి సూచనగా చెప్పుకుంటారు. సేవకుల చరిత్ర వైపు నుంచి చూస్తే ఇందులో ముఖ్యమైనది వేరు: ఆగినవాడు నొచ్చుకోలేదు, ఆపమని చెప్పినవారే నొచ్చుకున్నారు. నియమం పెట్టినవారు ప్రముఖుడు ఎదురైనప్పుడు నియమాన్ని వదిలేసి, దానిని నమ్మి నిలబడినవారిని తప్పుపట్టడం నేటి దర్శనపు వరుసల దగ్గర కూడా రోజూ జరిగే తంతే. అదే కాకినాడలో ఎన్.ఎస్. హర్డీకర్ పూనికతో హిందుస్తానీ సేవాదళం పుట్టింది. దాని తొలి అధ్యక్షుడు నెహ్రూయే కావడం గమనించదగిన విశేషం.

స్వయంగా చేతులతో సేవచేసి కూడా పేరు నిలుపుకున్నవారిలో స్త్రీలు ఎక్కువగా కనిపించడం మరొక విశేషం. తరిగొండ వెంగమాంబ తిరుమలలో యాత్రికులకు అన్నదానం, చలివేంద్రం నడిపినట్టు సంప్రదాయం చెబుతుంది. తిరుమలలోని అన్నప్రసాద భవనానికి ఇప్పుడు ఆమె పేరే ఉంది. గోదావరి లంకలలో డొక్కా సీతమ్మ వేళాపాళా చూడకుండా వండి వడ్డించి 1909లో కన్నుమూసింది. రాష్ట్ర ప్రభుత్వం 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. వంట, వడ్డన స్త్రీల పనిగా స్థిరపడిన సమాజంలో దాత్రీ సేవకురాలూ ఒక్కరే కావడం వల్ల మెప్పును విడదీయడం సాధ్యం కాలేదని దీనికి కారణం చెప్పవచ్చు. పురుషులలో ఇటువంటి ఉదాహరణ కావాలంటే కడప సీమలోనే దొరుకుతుంది: మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితునిగా పనిచేసిన వావిలికొలను సుబ్బారావు, ఒంటిమిట్ట కోదండరామాలయ ఉద్ధరణకోసం టెంకాయచిప్ప పట్టి ఊరూరా బిచ్చమెత్తాడు. అదే ఒంటిమిట్టలో రాష్ట్ర విభజన తరువాత, 2015 నుంచి, శ్రీరామనవమి ఉత్సవాలు ప్రభుత్వ లాంఛనాలతో జరుగుతున్నాయి. చైత్రమాసపు వెన్నెల రాత్రి జరిగే కల్యాణానికి తిరుమల తిరుపతి దేవస్థానం సేవకులు వందల సంఖ్యలో వస్తున్నారు.

ఆ సేవకుల వ్యవస్థకు శ్రీవారి సేవ అని పేరు, 2000లో ఆరంభమైంది. ముందుగా పేరు నమోదు చేసుకొని, కండువా వేసుకొని, సాధారణంగా వారం రోజులపాటు వరుసల నిర్వహణ, అన్నప్రసాద వడ్డన, కూరగాయల తరుగుడు, యాత్రికులకు దారి చూపడం వంటి పనులు చేసే ఈ మనుషులలో గృహిణులు, రైతులు, విశ్రాంత ఉద్యోగులు, అధికారులు అందరూ ఉంటారు. పక్కపక్కనే మరొక ఏర్పాటు కూడా నడిచింది: నెల మొదటి శుక్రవారం కార్యనిర్వహణాధికారికి యాత్రికులు నేరుగా ఫోన్ చేసి మాట్లాడే కార్యక్రమం. సేవకునికి ఒక కండువా, యాత్రికునికి ఒక ఫోను నంబరు ఇచ్చి, ఫిర్యాదును వరుస దగ్గరి తగాదా నుంచి కార్యాలయపు బల్ల మీదికి తీసుకుపోయిన ఈ పద్ధతి, పాత శాపోక్తికన్న ఎంతో మేలు. కళాశాలల్లో 1969 సెప్టెంబరు 24న ఆరంభమైన జాతీయ సేవా పథకం కూడా తిరునాళ్లకు మనుషులను అందించింది. ఆ విద్యార్థులకు ధ్రువపత్రం రూపంలో మెప్పు ముందే రాసిపెట్టి ఉంటుంది.

గండి వంటి ప్రాంతీయ క్షేత్రాలలో ఇంత వ్యవస్థ ఉండదు. యువజన బృందాలు, వ్యాపారులు, కులసంఘాలు, ఒకే ఊరినుంచి వచ్చిన మిత్రులు చందాలు వేసుకొని పందిరి వేస్తారు. మైకులో గంటల తరబడి వినిపించేది చదివింపు, అంటే దాత పేరు, ఊరు, ఇచ్చిన మొత్తం బిగ్గరగా చదవడం. ఇది శాసన ప్రశస్తికి నేటి వారసత్వం. ఆ మైకులోనే సేవకులకు వినిపించేది పిలుపు: నీళ్లు అయిపోయాయి, ఆకులు తీయలేదు, అక్కడ ఎవరూ లేరు. ముహర్రం రోజుల్లో రాయలసీమ ఊళ్లలో పీర్ల చావిడి దగ్గర పానకం పంచేవారి స్థితీ, అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి ఉత్సవంలో జనాన్ని చూసుకునేవారి స్థితీ ఇంతకన్న భిన్నం కాదు. గత ముప్పై నలభై ఏండ్లలో ఎడ్లబండ్లూ కాలినడకా తగ్గి ఆటోలూ మోటారుసైకిళ్లూ పెరగడంతో సేవకుని పని స్వభావం కూడా మారింది. నీళ్లు పోసినవానికి ఒక నమస్కారమైనా దక్కేది. బండిని దూరంగా నిలపమన్నవానికి అదీ లేదు. వాహనాలను అదుపుచేసే ఈ సేవ, తిరునాళ్ల సేవలన్నింటిలోనూ మెప్పు అతి తక్కువగా, వాదులాట అతి ఎక్కువగా దొరికే పని.

మోటారుసైకిలు సంఘాల చరిత్రలో ఈ కష్టానికి కొంత మందు దొరికింది. బ్రిటన్, ఐర్లండు దేశాల నడుమ సముద్రంలోని ఐల్ ఆఫ్ మాన్ దీవిలో 1907 నుంచి జరిగే టూరిస్ట్ ట్రోఫీ మోటారుసైకిలు పందెం మామూలు ఊరి రోడ్ల మీదనే సాగుతుంది. సుమారు 60 కిలోమీటర్ల ఆ చుట్టులో మలుపు మలుపునా జెండాలతో నిలబడేవారిని మార్షల్స్ అంటారు. వారు దాదాపు అందరూ స్వచ్ఛంద సేవకులే. నిర్ణీత సంఖ్యలో వారు రానిదే పందెం మొదలు కాదు. 1962లో వారికి సొంత సంఘం ఏర్పడింది. పందెం ముగిసిన తరువాత నెమ్మదిగా తిరిగివచ్చే చోదకులు మార్షల్స్‌కు చెయ్యి ఊపడం, వారు జెండాలు ఊపి బదులివ్వడం మోటారు క్రీడలలో స్థిరపడిన మర్యాద. కడప సీమ కూడా ఒకప్పుడు భాగమైన మద్రాసు రాష్ట్రంలో, 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు షోలవరం పాత విమానాశ్రయపు దారి మీద నడిపిన పందాలతో ఈ మార్షల్ పద్ధతి దక్షిణ దేశానికి పరిచయమైంది. సేవకుడు రాకపోతే కార్యం ఆగిపోతుందని అందరికీ ముందే తెలిసిన చోట మెప్పు మర్యాదగా మారడం సులభం. తిరునాళ్లు ఎవరు రాకపోయినా ఆగవు. అందుకే అక్కడ సేవకుని లోటు ప్రమాదం జరిగిన తరువాతనే తెలుస్తుంది.

ఆ తెలివిడికి ఇటీవల చాలా ఖరీదు చెల్లించవలసివచ్చింది. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల తొలిరోజున రాజమహేంద్రవరం పుష్కరఘట్టంలో తొక్కిసలాట జరిగి 27 మంది, 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనపు టోకెన్ల దగ్గర ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. రెండింటి మీదా న్యాయ విచారణలు నియమితమయ్యాయి. తాడు ఎక్కడ కట్టాలో, గేటు ఎప్పుడు తెరవాలో నిర్ణయించేది పైవారు. తాడు పట్టుకొనేది కిందివారు. ఇటువంటి సందర్భాలలో ఫిర్యాదు కిందిమనిషి దగ్గర ఆగిపోతే అసలు కారణం మరుగున పడుతుంది.

రాష్ట్రంలో 2019 ఆగస్టు 15న మొదలైన గ్రామ వాలంటీర్ల వ్యవస్థ ఈ చరిత్రకు పక్కదారి. నెలకు 5,000 రూపాయల గౌరవవేతనంతో నియమితులైన వారికి 2021 నుంచి ఉగాది వేళ సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర అనే పురస్కారాలు ఇచ్చారు. 2024 తరువాత ఆ వ్యవస్థ కొనసాగలేదు. ప్రభుత్వపు మెప్పు ప్రభుత్వంతోపాటే మారుతుందన్నది దీనివల్ల తేలిన సంగతి. వేతనమున్న ఈ పనినీ తిరునాళ్ల సేవనూ ఒక్క గాటన కట్టకూడదు.

సీమ చరిత్రకారులు దాతల శాసనాలను చదివినంత శ్రద్ధగా ఉత్సవ సంఘాల చిట్టాలను ఇంకా చదవలేదు. ఏ పందిరికి ఎవరు ఎన్ని రోజులు పనిచేశారు, ఎవరికి కొత్త బట్టలు పెట్టారు, ఏ ఏడు ఏ లోపం మీద అర్జీ పెట్టారు అన్న సంగతులు అటువంటి చిట్టాలలో, వంటసామాను లెక్కలలో, ఫిర్యాదుల పుస్తకాలలో తప్ప మరొకచోట దొరకవు. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం మెకంజీ కైఫియత్తులను భద్రపరచి అచ్చువేయించిన సంస్థ. వేంపల్లె, చక్రాయపేట, కమలాపురం ప్రాంతాలలో పాత తిరునాళ్ల సంఘాల కాగితాలు ఇంట్లో ఉన్నవారు వాటిని చిత్తుకింద అమ్మివేయకుండా, కనీసం నకలు తీయించి అయినా, ఆ కేంద్రానికి అందజేయవలసి ఉంది.